తోళ్ల సాయబు మామ పేర్ల గది

సాయబు మామ పోయారన్న కబురు ఉదయగిరి బస్సు కండక్టరు తెచ్చాడు. పొద్దున్నే మా కిరాణా అంగడి ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే, "అమ్మా, మీ ఎదురింటి తోళ్ల సాయబు ఉదయగిరిలో కన్ను మూసినాడు. మీకు చెప్పమన్నారు" అన్నాడు. కందిపప్పు కొలుస్తున్నదాన్ని శేరు కింద పెట్టేసి బయటికి వచ్చాను. మా అత్తగారు లోపలి నుంచి వచ్చి, "సీతాఫలాలు తెస్తానని పోయినాడు గదే ఆ మనిషి" అని గడపలోనే కూలబడి ఏడ్చింది.

ఆయన్ను ఎరగని వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఆత్మకూరులో మా అంగడికి ఎదురుగా ఆయన తోళ్ల మండీ ఉండేది. మర్రిపాడు, దుత్తలూరు వైపు నుంచి మేక తోళ్లు, గొర్రె తోళ్లు బండ్ల మీద వచ్చి దిగేవి. ఊరి చివర సున్నపు తొట్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో పదును చేయించి మద్రాసు పంపేవారు. అక్కడ ఓడలెక్కి దేశాలు పోయేవి. ఆయనది ఉదయగిరి, నా పుట్టిల్లూ ఉదయగిరే. నేను కాపురానికి వచ్చిన రోజున "మా ఊరి ఆడబిడ్డ, జాగ్రత్తగా చూసుకోండి" అని మా అత్తగారికి అప్పగింతలు పెట్టేశారు. పక్కన మా నాయన నిలబడి ఉన్నాడని కూడా చూడలేదు.

ఎప్పుడూ మల్లెపూవులాంటి బట్టలు కట్టేవారు. ఆయన వస్తుంటే ముందు తోళ్ల వాసన, దాని వెనక అత్తరు, ఆ తర్వాత ఆయన వచ్చేవారు. కళ్లు మూసుకొని తోలును బొటనవేలితో రుద్ది, అది కరువేటి మేకో, కడుపునిండా మేసిన మేకో చెప్పేవారు. "బతికిన బతుకంతా తోలు మీదనే ఉండాది అమ్మణ్ణీ" అనేవారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వ్యాపారం పలచబడింది. పచ్చి తోళ్లే లారీల్లో నేరుగా మద్రాసు పోవడం మొదలై, మన తొట్లు ఎండిపోయాయి. ఆ రోజుల్లో మద్రాసులో ఏదో తోళ్ల కంపెనీ వాళ్లు తమ వ్యాపార చరిత్రంతా ఒక హాల్లో ప్రదర్శనకు పెట్టారట. దాన్ని చూసి వచ్చి మామ మా అంగడి బల్ల మీద కూర్చున్నారు. చేతిలో అక్కడిచ్చిన, నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకం.

"దొరలుండారు, ఓడలుండాయి. మేక బొమ్మ గూడా ఉండాది. తోలు గీకినోడు మాత్రం ఒక్కడూ లేడు" అన్నారు. ఆయనకు అంత కోపం రాగా నేను చూడలేదు.

మండీలో ముందు గదికి సున్నం కొట్టించి, తానే ఒక మ్యూజియం పెట్టారు. తోళ్లు గీకే రెండు పిడుల కత్తులు, తంగేడు చెక్క దంచిన రోకళ్లు, ఎద్దులతో బావి నీళ్లు తోడిన కపిల తోలు బాన, కొలిమి తిత్తి, డప్పు, అన్నీ వరసగా పెట్టారు. మద్రాసులో చూసి వచ్చారు కదా, గుమ్మంలో "వస్తువులను తాకరాదు" అని బోర్డు కూడా రాయించారు.

"మన వీధి వాళ్లకు ఆ బోర్డు ఎందుకు మామా? తాకమన్నా తాకరు" అన్నాను. నేనన్నట్టే మా వీధి వాళ్లు ముక్కు మూసుకొని అటు పక్కగా నడిచారు. ఆయన ఎదురుచూసిన తోళ్ల పనివాళ్లు వచ్చారు గాని గుమ్మం దాటలేదు. ఎవరో వాళ్లకు బోర్డు చదివి చెప్పారట.

"మేం పట్టుకున్న కత్తులే గదా సామీ. ఇప్పుడు తాకగూడదా?" అని ముసలి పెంచలయ్య అడిగాడు.

మామ బోర్డు పీకి పొయ్యిలోకి పంపారు. వాళ్లను లోపలికి పిలిచి, ఏ కత్తి ఎవరు పట్టిందో అడిగి, నా చేత చీటీల మీద పేర్లు రాయించి ఒక్కొక్క దాని కింద అంటించారు. ఆ గది గురించి ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. ఆయన చెప్పగా నేను రాశాను. ఎనిమిదో తరగతి చదివిన పాండిత్యం ఊరుకుంటుందా, "పుణ్యభూమి" అని ఎత్తుకున్నాను. "అది తీసెయ్ అమ్మణ్ణీ. మొదట వాసన రాయి" అన్నారు. ఇప్పుడు ఇది రాస్తున్నా ఆ మాటే చెవిలో ఉంది.

ఆ ఏడు దసరాకు పనివాళ్లు పసుపు కుంకుమలతో వచ్చి కత్తులు దించమన్నారు. ఎందుకని మామ అడిగితే, పెంచలయ్య కోడలు రవణమ్మ, "పని చెయ్యని కత్తికి బొట్టు పెట్టగూడదు సామీ. ఒక్క తోలైనా గీకాల" అన్నది. మండీ ముందు దుంగ వాల్చి, నానబెట్టి తెచ్చిన మేక తోలు గీకి, కత్తులు కడిగి బొట్లు పెట్టి, మళ్లీ గోడకు తగిలించారు. మామ మా అంగట్లో బొరుగులు, బెల్లం కొని అందరికీ పంచారు. గీకడం చూడ్డానికి వీధంతా మూగింది. మూగినవాళ్లలో కొందరు లోపలికీ వెళ్లారు. అది ఏటా జరిగే పండుగైంది. ఆ గదిలోకి పోయి వస్తే తలకు పోసుకోవాలన్న మా అత్తగారు, రాను రాను కాళ్లు కడుక్కుంటే చాలన్నది. పెద్ద పెద్ద చట్టాలు కూడా అట్లాగే మారతాయి కాబోలు.

ఆయనకు పిల్లల్లేరు. పోయాక నెల్లూరు నుంచి అన్న కొడుకు వచ్చాడు. మంచివాడే గాని ఆ గదిని లారీ ఆఫీసుకు అద్దెకివ్వడానికి మాట్లాడుకున్నాడు. "దసరా దాకా ఆగు నాయనా" అని బతిమాలాను. ఆగాడు.

మొన్న దసరాకు పనివాళ్లంతా వచ్చి, తోలు గీకి, బొట్లు పెట్టారు. అప్పుడు ఆ అబ్బాయి, "పేర్లు చదువుతాను. ఎవరి సామాను వాళ్లు ఇళ్లకు తీసుకుపోండి" అని మొదటి చీటీ చదివాడు.

"పెంచలయ్య."

"ఉండాను సామీ" అన్నాడు ముసలాయన. కదల్లేదు.

"తీసుకో మరి."

"అది ఉండాల్సిన తావులోనే ఉండాది గదా."

ఆ అబ్బాయి తర్వాతి చీటీ చదివాడు. ఆ మనిషి పోయి చాలా కాలమైంది. "మా నాయన. నేనుండాను" అని కొడుకు పలికాడు. ఇంకొకరికి మనమరాలు పలికింది. ఒక్కరూ చెయ్యి చాపలేదు. చదివేకొద్దీ ఆ అబ్బాయి గొంతు తగ్గిపోయింది.

చీటీలన్నీ అయ్యాక రవణమ్మ, "సాయబు పేరు చదవలేదే?" అన్నది. ఆయన తన పేరు ఎక్కడా రాయించుకోలేదు. నాకూ తట్టలేదు. ఆ క్షణంలో నాకు దుఃఖం ఆగలేదు.

ఆ అబ్బాయి జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. "రాయక్కా" అన్నాడు.

రాశాను. మామ కూర్చుని తోళ్లు చూసిన బల్ల మీద ఆ చీటీని ఆ అబ్బాయే అంటించి, అందరికీ వినబడేట్టు తనే చదివాడు. చదివి, "ఉండాను" అన్నాడు.