తాయిఫ్ తోటకు ఎప్పుడు పోవాలి

మొన్న మా అమ్మాయి నర్సరీ నుంచి ఒక పెటూనియా మొక్క తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. ఎండిన ఆకు తీసేద్దామని పట్టుకుంటే వేళ్లకు బంక అంటుకుంది. ఆ మొక్క తీరే అంత. ఆకు మీద సన్నని నూగు, ముట్టుకుంటే జిగురు, సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలని పచ్చివాసన. ఆ వాసన తగలగానే పొయ్యి మీద పప్పున్న సంగతి కూడా మరిచి ఇంట్లోకీ బయటికీ తిరిగాను. రాజన్న మేస్త్రీ గుర్తొస్తే నాకింతే, ఒకచోట నిలవలేను. ఆయన పోయి రెండేళ్లయింది. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు కనుక మొదటి నుంచీ చెబుతాను.

సౌదీలో తాయిఫ్ కొండ మీది ఊరు. అక్కడ ఊరి జనమంతా వచ్చే పెద్ద పూలతోట ఒకటి ఉండేది, మళ్లనిండా ఈ పెటూనియాలే. మా ఆయన అందులో నీళ్ల మోటార్లు, పైపులు చూసుకునే టెక్నీషియన్. రాజన్న అదే కంపెనీలో మాలీలందరి మీద మేస్త్రీ. మాది కోరుట్ల పక్కన పల్లె, ఆయనది మెట్‌పల్లి వైపు. ఆ మాత్రం దగ్గరితనం చాలు, నన్ను చెల్లె అనేవాడు. ఆయన భార్యాబిడ్డలు ఊళ్లోనే. తాను క్యాంపు గదిలో మరో ఏడుగురితో ఉండేవాడు. ప్రతి శుక్రవారం మా ఇంట్లో భోజనం. తిన్న కంచం తానే కడిగి బోర్లించేవాడు. నేను గుంజుకోబోతే, "ఇడువు చెల్లె, కంచం కడిగితే నా మేస్త్రీతనం కరిగిపోతదా?" అనేవాడు.

తోట చూడ్డానికి ఏ కాలంలో రావాలో అందరూ ఆయన్నే అడిగేవారు. అల్ ఖర్జ్ పాలఫారాల నుంచి, హుఫూఫ్ నుంచి మనవాళ్లు ఫోన్లు చేసేవారు. చలి తగ్గాక, ఎండలు ముదరకముందు, ఆ నెలన్నరలోనే రమ్మని చెప్పేవాడు. వాళ్లు సరేనని, తీరా తాయిఫ్ చల్లగా ఉంటుందని ఎండాకాలం బడి సెలవుల్లో దిగేవారు. అప్పటికి మళ్లన్నీ తవ్వి ఎరువు కలిపి ఉండేవి. ఒకసారి ఒక డ్రైవరు పెళ్లాం పిల్లలతో వచ్చి, "ఏంది మేస్త్రీ, ఇంతదూరం రప్పిచ్చి మట్టి చూపెడ్తున్నవ్?" అని తగులుకున్నాడు.

"నీ పిలగాండ్ల సెలవులు చూసుకొని పూస్తదారా పువ్వు? వచ్చినవ్ గద, చల్లగాలి మింగి పో," అన్నాడు రాజన్న. తిట్టిన నోటితోనే వాళ్లందరినీ మా ఇంటికి తెచ్చి అన్నం పెట్టించాడు.

వాళ్లను చూసి నేను నవ్వాను గాని, అదే ఊళ్లో ఉండి నేనూ పూలు చూడలేదు. మొదటి ఏడు కడుపుతో ఉండి ఒకటే వాంతులు. రెండో ఏడు చంటిపిల్ల. మూడో ఏడు సరిగ్గా ఆ నెలలోనే పిల్లకు అమ్మవారు పోసింది. నాలుగో ఏడు మా ఆయనకు వేరే సైటులో డ్యూటీ. "వచ్చే ఏడు పోదాంలే" అనేవాడు ప్రతిసారీ. సాయంత్రం ఆయన చొక్కా ఉతికేటప్పుడు వచ్చే ఆ పచ్చివాసనే నేను ఎరిగిన తోట.

ఐదో ఏడు అక్కడి సర్కారు మాలాంటి పరాయిదేశం కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను వేసింది. మా బిల్డింగులో వారానికో ఇంటి ముందు అట్టపెట్టెలు కనబడేవి. ఆడవాళ్లూ పిల్లలూ ఊరి దారి పట్టారు, మగవాళ్లు క్యాంపుల్లో చేరారు. మా ఇకామాల, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డుల, గడువు తీరకముందే నాకూ పాపకూ ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపాలని మా ఆయన నిశ్చయించాడు. ఆ శుక్రవారం రాజన్న కంచం ముందు కూర్చోగానే అడిగాను.

"అన్నా, పూలెప్పుడొస్తయి?"

"వారం ఆగి గిల్లుడు పెట్టుకుంటం. గిల్లినంక నాలుగు వారాలు."

నా ప్రయాణం ఆ పూలకు ముందే. పెటూనియాకు తొలి మొగ్గలు రాగానే ప్రతి కొననూ గోటితో గిల్లేస్తారు. అప్పుడు పక్కల నుంచి కొమ్మలు వేసి మడంతా ఒక్కసారి పూస్తుంది. గిల్లకుంటే తొందరగా నాలుగు పూలు పూసి, సాగిపోయి ఒరిగిపోతుంది. ఆ నాలుగైనా చాలనిపించింది నాకు.

"ఒక్క మడి గిల్లకన్నా. నా కోసం. ఒక్కటంటే ఒక్కటి."

"మడి నాదైతే ఇడిచిపెడ్తుంటి చెల్లె. నాది గాదు. మందికోసం పెట్టింది."

"ఐదేండ్లసంది అన్నం పెడుతున్న గద!" అనేశాను.

మా ఆయన తల దించుకున్నాడు. రాజన్న ముద్ద పూర్తి చేసి, కంచం కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. ఆ వారమంతా సర్దిన పెట్టెలే విప్పి మళ్లీ సర్దాను. చేతులకు పనిలేకపోతే ఆ మాట చెవుల్లో మోగేది.

మరుసటి శుక్రవారం తెల్లవారగానే తలుపు కొట్టాడు. "నడువు చెల్లె, తోటకు. గేటు తెరువకముందే పోవాలె." పాపను మా ఆయన ఎత్తుకున్నాడు. గేటు దగ్గరి పఠాన్ నవ్వి, "భాభీ, అభీ తో ఘాస్ హీ ఘాస్ హై," అన్నాడు. ఇంకా అంతా గడ్డేనట. నిజమే, ఎటు చూసినా పచ్చటి మళ్లే, అక్కడక్కడ గోరంత మొగ్గ. రాజన్న నన్నొక వరుస ముందు కూర్చోబెట్టి, రెండాకులు విడిచి పైకొన ఎలా గిల్లాలో చూపించాడు.

"నాతోనే గిల్లిపిస్తవా? నా మీద గంత పగనా?" అన్నాను.

"పగ గాదు. ఇగ జెర కిందికి గిల్లు. పాపమనుకుంటే మడి ఎగుడుదిగుడు పూస్తది."

పైన వేసుకున్న నల్ల అబాయా చేతులు మోచేతి దాకా ఎగదోసి గిల్లాను. ఆయన పక్క వరుసలో ఉన్నాడు. ఎప్పుడూ నిమ్మళంగా పనిచేసే మనిషి ఆ రోజు ఊరికే లేచి మళ్ల వెంట నడిచి వచ్చేవాడు, వరుసల మీద చెయ్యి ఆనించి ఎత్తు చూసుకునేవాడు, మళ్లీ వంగేవాడు. రెండు మళ్లు అయ్యేసరికి నాకు నడుము పడిపోయింది. లేవబోతే, "వరుస ఒడిసినంక లేవు," అన్నాడు. లేవలేదు.

నేను ఊరికొచ్చాక మా ఆయన ఫోనులో వీడియో పంపాడు. తోట నిండా జనం, జనం కాళ్ల చుట్టూ పూలు, ఊదా, తెలుపు, గులాబీ. పదిసార్లు చూసినా నేను గిల్లిన మడి ఏదో పోల్చుకోలేకపోయాను. ఫోను చేసి, "రాజన్నకియ్యి, అడుగుత," అన్నాను.

"రాజన్న ఏడున్నడు? నువ్వు పోయిన ఐదోనాడే ఇంటికి పోయిండు. నీకు ఎట్ల చెప్పాల్నో తెలువక చెప్పలే."

కంపెనీలో సౌదీ వాళ్లు తక్కువున్నారని సర్కారు వేసే నితాఖత్ లెక్కలో ఎరుపు రంగు పడిందట. ఎరుపు పడితే పనివాళ్ల ఇకామాలు రెన్యువల్ కావు. జాబితాలో మొదటి పేరు రాజన్నదే. గిల్లుడు మొదలుకాకముందే ఎగ్జిట్ కాగితం మీద వేలిముద్ర వేశాడట. ఆ పొద్దున నా పక్క వరుసలో వంగినప్పటికే, ఆ పూలు తానూ చూడడని ఆయనకు తెలుసు.

మెట్‌పల్లికి ఫోను చేసి, "ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను.

"చెప్తే నువ్వు గిల్లుతుంటివా చెల్లె?"

గిల్లేదాన్ని కాను. మడి మధ్యలోనే లేచి, అన్నా, నీకూ నాకూ లేని పూలు ఇంకెవరికి అని పోట్లాడేదాన్ని. ఆ సంగతీ చెప్పలేదు, అన్నం మాట ఎత్తినందుకు తప్పయిందనీ చెప్పలేదు. ఆరోగ్యం ఎట్లుంది, వానలు పడ్డాయా అని ఏవో అడిగి పెట్టేశాను. తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లు మాట్లాడినా ఆ ఒక్క మాట వచ్చేసారి చెబుదాంలే అని ఫోను పెట్టేసేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేడు. అందుకే కాబోలు, ఎవరికి వడ్డిస్తున్నా నా నోటిని నేనే కాపలా కాసుకుంటాను.