బుచ్చవ్వ నవ్విన రోజు

బెల్లంపల్లిలో మా బొగ్గు బాయి గేటుకు ఎదురుగా బుచ్చవ్వ చాయ హోటల్ ఉండేది. హోటల్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు తాటి మొద్దులు, పైన రేకులు, రెండు బెంచీలు, ఒక పొయ్యి. అంతే. నేను బాయి మీద కార్మికుల హాజరు రాసే గుమాస్తాను, పేరు హనుమండ్లు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె చాయ తాగాను, అందులో పదమూడేళ్లు ఆమెతో కొట్లాడాను. దేని మీదంటే, ఎవడు నవ్విస్తాడు, ఎవడు ఊరికే పేరు మోస్తున్నాడు అన్నదాని మీద.

నవ్వకండి. మాకది చిన్న సంగతి కాదు. పంటలు ఇళ్లకు చేరాక మా కంపెనీ లైన్లలోకి, అంటే కార్మికుల ఇళ్ల వరుసల్లోకి, పిట్టలదొరలు వచ్చేవారు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన వంకర టోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లో నిలబడి, తనకు ఏడు ఊళ్లున్నాయనీ, ఏనుగుల మంద ఉందనీ కోతలు కోసి, చివరికి జోలె చాపి దోసెడు బియ్యం అడిగేవాళ్లు. ఎవరొచ్చినా ముందు బుచ్చవ్వ హోటల్ ముందు ఆడాల్సిందే. షిఫ్టు దిగే వాళ్లూ ఎక్కే వాళ్లూ అక్కడే ఉంటారు, అది మొదటి కారణం. రెండోది బుచ్చవ్వ.

ఆమె ఎప్పుడూ నవ్వేది కాదు. పొయ్యి దగ్గర చాయ కలుపుతూ వినేది. చెప్పేవాడు బాగుంటే మధ్యలో ఒక ప్రశ్న అడిగేది. బాగా లేకపోతే అటు తిరిగి గ్లాసులు కడుక్కునేది. ఇక వాడి పని అయిపోయినట్టే. "బుచ్చవ్వ అడిగిందట" అన్న మాట లైన్లలోకి పాకిందంటే ఆడవాళ్లు చాటలతో బియ్యం తెచ్చి పోసేవాళ్లు. "గ్లాసులు కడిగిందట" అని తెలిస్తే పిడికెడు కూడా కష్టమే. ఇదేం పెత్తనమని నేను చాలాసార్లు మండిపడ్డాను.

లింగయ్య అని జన్నారం వైపు నుంచి ఒకడొచ్చేవాడు. తుపాకి ఎక్కుపెట్టి, తన తుపాకి దెబ్బకు తనే ఎగిరి వెల్లకిలా పడేవాడు. లేచి మళ్లీ పడేవాడు. నాకు చాయ ముక్కులోంచి వచ్చేది. బుచ్చవ్వ మాత్రం గ్లాసులు కడుక్కుంటోంది.

"ఏమ్మా, గింత మంచిగ పడుతుంటే నవ్వు రాదా నీకు?" అన్నాను.

"కింద పడితే నవ్వుడేందన్నా? మొన్న బాయిల మన ఓదెలుగాడు పడి కాలిరగ్గొట్టుకున్నడు. గప్పుడు నవ్వినవా?"

"అది వేరు, ఇది వేరు."

"పడుడు పడుడే. దొరేషం కట్టినోడు మాటతోని నవ్వియ్యాలె. పిర్రలతోని కాదు."

బెంచీ మీదున్న వాళ్లంతా నన్ను చూసి నవ్వారు. ఇప్పటికీ చెబుతున్నాను, లింగయ్య బాగా ఆడేవాడు. ఆ పడడంలో ఒక పనితనం ఉంది. ఆమె చూడలేకపోతే అది నా తప్పు కాదు.

మా ఫిట్టరు వాహెద్‌ది ఇంకో దారి. చాందా వైపు నుంచి వచ్చే బహురూపి అంటే వాడికి ప్రాణం. ఆ బహురూపి పోలీసు జమేదారు వేషంలో వచ్చి మా హోటల్లోనే ఇద్దరిని బెదరగొట్టి పోయాడు. "క్యా ఆద్మీ హై!" అని వాహెద్ మూడు రోజులు చెప్పుకున్నాడు.

"ఏషం మంచిగున్నది, మనిషేడి?" అన్నది బుచ్చవ్వ. "గా టోపీ తీస్తే ఆని దగ్గర ఒక్క మాట లేదు."

"జర నవ్వితే నీదేం పోతది బుచ్చవ్వా?"

"రానిదానికి నవ్వితే ఆడు వచ్చే ఏడు గూడ గదే తెస్తడు వాహెద్ భాయ్. మల్ల మనమే చూడాలె."

మరి ఆమెకు నచ్చినవాడు లేడా? ఉన్నాడు. మంథని వైపు నుంచి వచ్చే పోచాలు. ఎండుపుల్లలా ఉంటాడు, గొంతు కూడా పెద్దగా లేవదు. నాకు మొదట వీడేం దొర అనిపించింది. వాడు నిలబడి, ఏదో బాధ చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టేవాడు.

"మొన్న పిట్టను గొట్టిన. గుండు గోదారి దాటింది, పిట్ట అవుతలి ఒడ్డుకు పడ్డది. తెద్దామంటే పడవ లేదు. ఏం జేస్త? గుండునే పిలిచి జెప్పిన, అయ్యా, ఎట్లయిన పోయినవ్, వచ్చేటప్పుడు పిట్టను తీస్కరా అని."

బుచ్చవ్వ గరిటె ఆపి అడిగింది: "తెచ్చిందా మరి?"

"యాడ తెచ్చిందవ్వా! ఇద్దరు దోస్తులైండ్రు. చెన్నూరు సంతకు పోయి ఇంక రాలే. ఇంట్ల అన్నం చల్లారుతుంది."

వాడు నవ్వలేదు, ఆమె నవ్వలేదు. మేమందరం బెంచీల మీద పొర్లాం. నాకు లింగయ్యే ఇష్టం గానీ, పోచాలును కాదనలేను.

ఆమెకు ఈ తీర్పులు చెప్పే హక్కు ఎక్కడిదని అడగబోయి, ఆమె భర్త రాయమల్లును అడిగితే తెలిసింది. బాయిలో బొగ్గు తట్టలు నింపే ఫిల్లరు అతను. "ఆళ్ల బాపే ఇస్తారి దొర. చెన్నూరు దిక్కు ఇరవై ఊళ్లల్ల ఆడే హక్కు ఆయనదే. ఇది పుట్టంగ అబద్ధాల నడుమ పుట్టింది" అన్నాడు. ఇస్తారి పేరు నేను కూడా విన్నాను. నిజం దొర గడీ ముందు నిలబడి ఈ దొంగ దొర, "నేను తుమ్మితే మూడూళ్లు వంగి దండం పెడుతయ్, మల్ల ఎప్పుడు లేవాల్నో తెల్వక పొద్దుందాక గట్లనే ఉంటయ్" అంటుంటే, జనం నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వేవాళ్లట. రాయమల్లు వాళ్లదీ అదే కులం. అతని తండ్రి జోలె మానేసి బాయిలో చేరాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో కోటు తొడిగినవాడు లేడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఇస్తారి చనిపోయాడు. ఆ చలికాలంలోనే బుచ్చవ్వ తమ్ముడు సిద్దిరాములు తండ్రి కోటు, తండ్రి తుపాకి పట్టుకుని బెల్లంపల్లికి వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, భార్యనూ ముగ్గురు పిల్లలనూ ఊళ్లో వదిలి వచ్చాడు. ఇరవై ఊళ్లూ తిరిగినా జోలె అడుగు నిండడం లేదన్నాడు.

"గడీల దొర ఉన్నప్పుడు దొరను ఎక్కిరిస్తే జనం నవ్విండ్రు. పోలీసు చర్య అయినంక దొర పట్నం పోయిండు. ఇప్పుడు గడీల గబ్బిలాలున్నయ్. ఎవన్ని జూసి నవ్వుతరు బావా?" అని రాయమల్లుతో అంటుంటే నేనక్కడే ఉన్నాను.

రాయమల్లు సూటి మనిషి. "బాయిల ఫిల్లర్ల భర్తీ నడుస్తుంది. కూలీల సర్దారుతోని మాట్లాడిన. సోమవారం వచ్చి వరుసల నిలబడు" అన్నాడు.

బుచ్చవ్వ గయ్యిమన్నది. "మా బాపు కొడుకు తట్ట మొయ్యడు! నువ్వు మోస్తున్నవ్ సాలదా? గీ లైన్లు ఉన్నయ్, మందమర్రి బాయిలున్నయ్. వీళ్లు మెచ్చితే ఆనికి ఇరవై ఊళ్లెందుకు? రేపు ఈడనే ఆడుతడు."

సంగతి అదన్నమాట. మర్నాడు లైన్లు మెచ్చుకుంటే సిద్దిరాములు దొరగా ఉంటాడు. లేకపోతే సోమవారం బాయిలో దిగుతాడు. ఆ మాట పొద్దటికల్లా బాయి మొత్తానికీ తెలిసిపోయింది.

మర్నాడు హోటల్ ముందు నిలబడే చోటు లేదు. సిద్దిరాములు కోటు వేసుకుని వచ్చాడు. మంచి విగ్రహం, మంచి గొంతు. లింగయ్యలా పడలేదు, ఎవరినీ వెక్కిరించలేదు. మాట తడబడలేదు. "మా గడి ఎంత పెద్దదంటే, తూర్పు దర్వాజల గడ్డం గీసుకొని బయలెల్లితే పడమటి దర్వాజ చేరేసరికి మల్ల గడ్డం పెరుగుతది" అన్నాడు. తుమ్ము సంగతి కూడా చెప్పాడు.

ఎవరూ నవ్వలేదు. కుర్ర ఫిల్లర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు గడీని చూసినవాళ్లు కాదు, దొరకు వంగినవాళ్లు కాదు. వాళ్లు వంగేది సర్దారుకు, మేనేజరుకు. ఒక్కొక్కరే బుచ్చవ్వ వైపు చూడడం మొదలుపెట్టారు. ఆమె అడగాలి. ఏదో ఒకటి, తెచ్చిందా, పోయిందా, ఏదైనా సరే. ఆమె నోరు తెరిచింది, మూసుకుంది. మళ్లీ తెరిచింది.

ఒక్కసారిగా పకపకా నవ్వింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి పక్కన కూలబడి మరీ నవ్వింది. మేమెవరం ఎన్నడూ వినని నవ్వు. బుచ్చవ్వే నవ్విందంటే ఇంకేముంది! వాహెద్ అందుకున్నాడు, నేనందుకున్నాను, కుర్రాళ్లందుకున్నారు. గేటు దగ్గర కాపలావాడు కూడా నవ్వాడు. ఆ రోజు లైన్లలో సిద్దిరాములు జోలె సరిపోక రాయమల్లు పంచె పరిచి బియ్యం మూట కట్టుకొచ్చాడు. "జీత్ గయా!" అని వాహెద్ అందరికీ చాయ పోయించాడు.

మధ్యాహ్నం హోటల్లో జనం పలచబడ్డాక సిద్దిరాములు వచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు. నేను బెంచీ మీదే ఉన్నాను. మూట మీద చెయ్యి వేసి నెమ్మదిగా అడిగాడు.

"ఎందుకు నవ్వినవక్కా?"

"నవ్వొచ్చింది, నవ్విన" అన్నది ఆమె, అటు తిరిగి.

"మన ఇంట్ల మంచిదానికి ఎన్నడన్న నవ్వినమా?"

అతను నా వైపు తిరిగి, నాకు తెలియాలన్నట్టుగా చెప్పాడు. "మా బాపు కొత్త అబద్ధం కడితే ముందు ఇంట్లనే జెప్తుండె అన్నా. ఆడోళ్లు బియ్యం ఏరుకుంట వింటరు. అబద్ధం గట్టిగుంటే, నిజమే అనుకొని, మల్ల ఏమైందని అడుగుతరు. గట్టిగ లేకుంటే నవ్వుతరు. నవ్విండ్రంటే అది చచ్చినట్టు లెక్క. బాపు మల్ల దాన్ని నోట్లెకు తెచ్చెటోడు కాదు. బయటోళ్లు నవ్వచ్చు. ఇంటోళ్లు నవ్వద్దు."

బుచ్చవ్వ ఇటు తిరిగింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె బాయి ముందు బతికింది. పుట్టింటి పద్ధతి ప్రకారమే అందరినీ ప్రశ్నలు అడుగుతూ వచ్చింది, ఒక్క తమ్ముడి దగ్గర మాత్రం బాయివాళ్ల లెక్కలో ఆలోచించి నవ్వింది.

"నీ కోసమే నవ్వినరా తమ్మీ! ఎవ్వడు కిక్కురుమంటలేడు. అడుగుదామంటే ఏమడగాలె? గా అబద్ధాలన్నిటికి బాపు జెప్పిన జవాబులు నాకెర్కే. నీదొక్కటన్న ఉంటే అడుగుదును. ఒక్కటి జెప్పు, నీ సొంతది. ఇప్పుడే అడుగుత."

అతను మూటను అక్క వైపు జరిపాడు. తర్వాత, "నాకు కట్టుడు రాదక్కా. బాపున్నప్పుడే నాకెర్కే" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

సోమవారం భర్తీ వరుసలో నిలబడ్డాడు. నేను బల్ల ముందు కూర్చుని పేర్లు రాస్తున్నాను. బుచ్చవ్వ పొయ్యి మీద చాయ అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చెంగు నేల మీద ఈడుస్తోంది. అంతమంది మగవాళ్ల మధ్యకు చొరబడి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నేను ఊకెనే నవ్విన! నా నవ్వు ఉత్తదే! మీరు గూడ నన్ను జూసి ఉత్తగనే నవ్విండ్రు. ఇంక నా మాట ఎవ్వలు పట్టకుండ్రి. తమ్మీ, ఇంకో నెల ఉండు. పోచాలును పిలిపిస్త, ఆని తాన నేర్చుకుందువు గని."

పదమూడేళ్ల కొట్లాటలో ఆమె ఓడిపోవడం నేను కోరుకోని రోజు అదొక్కటే. సిద్దిరాములు ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"నువ్వు తప్పు జెప్పలే అక్కా. జనమైతే ఇంకో పదేండ్లు జాలి పడి పెడుదురు. నేను గట్లనే తిరుగుతుంటి. ఇంటికి పో, చాయ పొంగుతది."

నా దగ్గరికి వచ్చి పేరు చెప్పాడు. నేను నా చేత్తోనే రాసి, హాజరు నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చాను.

అతను మంచి ఫిల్లరు అయ్యాడు. భార్యాపిల్లలను తెచ్చుకున్నాడు, లైన్లలో క్వార్టరు దొరికింది, పిల్లలు బడికి పోయారు. చలికాలంలో దగ్గు వచ్చేది, అది మా అందరికీ వచ్చేదే. అక్క హోటల్లోనే రోజూ చాయ తాగేవాడు. కోపమేమీ లేదని నాతో రెండుసార్లు అన్నాడు, నేను నమ్మాను. బుచ్చవ్వ నమ్మలేదు. పిట్టలదొరలు వస్తే ఆమె హోటల్ వెనక్కి వెళ్లి కట్టెలు సర్దుకునేది. లైన్ల ఆడవాళ్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టసాగారు. లింగయ్యకు ఎక్కువ దొరికేది. నాకు సంతోషం కలగలేదు.

అరవై ఆరులో నేనొక ట్రాన్సిస్టరు కొన్నాను. హైదరాబాదు రేడియో స్టేషన్‌లో ఎవడో కొత్తవాడు హాస్యం చెబుతున్నాడు. వాహెద్ శానా మంచోడన్నాడు, నేను ఒట్టి డబ్బా అన్నాను. మాటా మాటా పెరిగింది. పాత అలవాటు చొప్పున రేడియోను పొయ్యి దగ్గరికి జరిపి, "నువ్వే జెప్పు బుచ్చవ్వా, వీడు నవ్విస్తడా లేదా?" అన్నాను.

ఆమె చాయ వడగడుతూ తల ఎత్తలేదు.

"నన్నడుగకన్నా. నేను ఒక్కపారి నవ్విన. నా తమ్ముడు బాయిల దిగిండు."