కత్తికి పోయిన అంచులు

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా రెండు ఊళ్లు దాటేసరికి లేచి నిలబడతాను. బడిలో పాఠం చెప్పేటప్పుడు కూడా బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటాను. అలాంటి మనిషికి మదనపల్లెలో పుస్తకాల పండుగ పని అప్పజెప్పారు. ఇక చెప్పాలా, నెల రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

పండుగంటే మరీ పెద్దదేం కాదు. మా బడి మైదానంలో షామియానా, రెండు రోజులు. పుస్తకాలు రాసేవాళ్లు వచ్చి మాట్లాడతారు. పిల్లలు సూదీ దారంతో చిన్న చిన్న పుస్తకాలు కుట్టుకుంటారు. ఒక బల్ల మీద ఇళ్లలో దాచుకున్న చేతిరాత పుస్తకాలు పెడతారు. ఆ బల్ల ఆలోచన నాదే. కురబలకోట నుంచి ఒకాయన గొర్రెల రోగాలకు తను చేసే వైద్యమంతా రాసుకున్న నోటుపుస్తకం ఇచ్చాడు. బి.కొత్తకోట నుంచి ఒకావిడ ముగ్గుల పుస్తకం పంపింది. ఊరందరినీ అడిగి మా అమ్మ పుస్తకం పెట్టకపోతే ఏం బాగుంటుందని కుప్పం పోయాను. అది అక్కడ మా అక్క దగ్గరుంది.

అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చిలో ప్రసంగం వింటూ నోట్సు రాసుకునేది. ప్రసంగం సాగేకొద్దీ ఆమె మనసు పక్కకు పోయేది. అప్పుడు పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, పుట అంచుల్లో సన్నటి అక్షరాలతో తన సంగతులు రాసుకునేది. ఆ వారం వార్డులో పుట్టిన బిడ్డలు, తెగిన చెప్పు, పాస్టరుగారి దగ్గు. ఇదంతా అక్క చెబితే తెలిసిందే. అమ్మ పోయి పదకొండేళ్లయినా ఆ అంచులను నేను ఒక్కసారీ చదవలేదు.

పుస్తకాన్ని నా చేతికిస్తూ అక్క గట్టిగా చెప్పింది.

“ఊరికే బల్ల మీద పెట్టేసేది కాదు. ముందు నువ్వు కూర్సొని అంచులన్నీ సదువు. నీకని రాసింది ఒకటుండాది.”

“ఏం రాసింది?”

“నాకేం తెలుసు? నీకని రాసింది నేను యాల సదువుతాను? గుడ్ ఫ్రైడే ప్రసంగం కాడ సూడు.”

అక్క అంతే. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదివితే తప్పు అనుకునే మనిషి. పదకొండేళ్లు ఆ పుట తిప్పేటప్పుడల్లా కళ్లు పక్కకు పెట్టుకుందట. బస్సులో చదువుతాలే అని చెప్పి వచ్చేశాను.

బస్సులో ఫోన్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఫోన్లు ఒక సాకు. నాకు భయమేసింది. అమ్మ మంచం పట్టినప్పుడు నేను ఆమె దగ్గర కుదురుగా అరగంట కూర్చోలేదు. వచ్చేదాన్ని, మందులు సర్దేదాన్ని, దుప్పటి దులిపేదాన్ని, వెళ్లిపోయేదాన్ని. ఆ అంచులో ఆమె నన్నేం అని ఉంటుందో! తీరిగ్గా చదువుదామని సంచిలోనే ఉంచుకుని వారం పైగా తిరిగాను. నాకు తీరిక ఎప్పుడు దొరికింది గనక?

సంచిలో నలిగి నలిగి పుస్తకం కుట్టిన దారం కాస్తా తెగింది. పుటలు ఊడిరావడం మొదలెట్టాయి. అదే సమయానికి పుంగనూరులో పని పడింది. అక్కడ బైండింగ్ చేసే ముసలాయన ఒకరున్నారు. ఆఫీసు రిజిస్టర్లూ ఉర్దూ పుస్తకాలూ కట్టి బతికిన మనిషి. తెలుగు బాగా మాట్లాడతారు గానీ చదవడం రాదు. పండుగకు వచ్చి పిల్లలకు చేతిపని చూపించమని అడగడానికి పోయి, పనిలో పనిగా అమ్మ పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఇంతలో షామియానా వాడు ఫోన్ చేశాడు. నేను గడప మీద నిలబడి వాడితో అరుస్తున్నాను.

“దారం పోయిందమ్మా, కట్టిస్తా. అంచులు సూడు ఎట్ల చిట్లిపోయినాయో. కత్తి బాగా లోపలికి పెట్టి కోయాల. పర్వాలేదా?” అన్నారాయన.

ఫోన్ చెవికి ఆనించుకునే, “నీట్‌గా చేయండి భాయ్” అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

పండుగ రోజు పొద్దున్నే ఆయన వచ్చి, పాత పేపరులో చుట్టిన పుస్తకం నా చేతిలో పెట్టారు. ఎర్రగుడ్డ వీపు, గట్టి అట్ట. మూడు వైపులా అంచులు చెయ్యి పెడితే జారేంత నున్నగా ఉన్నాయి. ఎంత ముచ్చటేసిందో! తెరిచి చూడలేదు. బల్ల మధ్యలో పెట్టి, మైకు గరగరమంటోందని అటు పరిగెత్తాను. అక్కడి నుంచి మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి, అక్కడి నుంచి గేటు దగ్గరికి. మధ్యలో రెండుసార్లు ఆ బల్ల దాటి పోయాను కూడా.

అక్క పదకొండు గంటలకు కుప్పం నుంచి దిగింది. నేరుగా బల్ల దగ్గరికి పోయి పుస్తకం తెరిచింది. నేను దూరం నుంచి చూస్తున్నాను, మెచ్చుకుంటుందని. ఆమె ఒక పుట తిప్పింది, ఇంకోటి తిప్పింది, తర్వాత గబగబా తిప్పడం మొదలెట్టింది. పరిగెత్తాను.

“అంచులు యాడపోయినాయే?” అంది.

ప్రసంగాలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటి చుట్టూ అమ్మ లేదు. అక్కడక్కడా అక్షరాల పాదాలు మాత్రం, సన్నటి నీలం గీతల్లా మిగిలాయి.

పక్క బల్ల దగ్గర పిల్లలకు దారం ఎక్కించడం చూపిస్తున్న ముసలాయన విషయం విని లేచి వచ్చారు.

“అమ్మా, అడ్డం రాత సూసినాను. మాకు రిజిస్టర్లలో అంచు రాత లెక్కలోకి రాదు, అంచు కత్తికే వదిలేది. చిత్తు రాతలేమో అనుకొంటి. మేడమ్‌ను అడిగినా కూడా.”

ఆయన నావైపు చూశారు. అక్కా చూసింది. కావాలంటే మాట దాటేయొచ్చు. “అడిగారు, నేనే కానిమ్మన్నాను” అన్నాను. కత్తిరించిన ముక్కలు ఏం చేశారని అడిగాను. గాజుల అంగడికి ఇచ్చేశారట, పెట్టెల్లో గాజులు పగలకుండా పరవడానికి. ఆయన అప్పటికప్పుడు ఫోన్ చేశారు. ఆ పెట్టెలు నిన్ననే ఏదో తిరునాళ్లకు వెళ్లిపోయాయట. ఏ ఊరికో అంగడివాళ్లకూ సరిగ్గా తెలియదు.

“నేను పుంగనూరు పోయొస్తా” అని సంచి తగిలించుకున్నాను.

“పోయి ఏం చేస్తావు? తిరునాళ్లన్నీ తిరిగి గాజుల పెట్టెలు ఇప్పించి సూస్తావా?” అంది అక్క. కోపంగా కూడా అనలేదు. అరిచినా బాగుండేది.

ముసలాయన కాసేపు పుస్తకం తిప్పి చూసుకున్నారు. తెల్ల కాగితం సన్నగా చీల్చి, మైదా జిగురు రాసి, ఒక పుటకు కొత్త అంచు అతికించారు. బొటనవేలితో నునుపు చేశారు.

“ఏమి రాసుండిందో మీకు గుర్తుంటే రాసుకోండమ్మా. అంచు నేను పెడతాపోతా” అన్నారు.

అక్కకు గుర్తుంది. పదకొండేళ్లు చదివింది మరి. ఆమె పెన్ను తీసుకుని పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, అమ్మ ఎలా రాసేదో అలాగే రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పైకి చదివింది. “మూడో మంచం ఆమెకు కవలలు. ఇద్దరూ ఆడపిల్లలని వాళ్లత్త ముఖం మాడ్చుకొనింది. నేను ఇద్దర్నీ ఎత్తి ఆమె ఒళ్లో పెట్టినాను.” ఇంకో పుటలో, “పాస్టరుగారు ముగించేట్టు లేడు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినాను.” పిల్లలు పకపకా నవ్వారు. కుట్టడం ఆపి చుట్టూ చేరారు. వేదిక మీద మాట్లాడుతున్న రచయిత వినేవాళ్లు తగ్గిపోతున్నారని ఇటే చూస్తున్నాడు. నేను వేదిక దగ్గరికి పోవాలి, నీళ్ల డ్రమ్ము సంగతి చూడాలి. పోలేకపోయాను. అమ్మ ఇంత తమాషా మనిషని నాకెవరూ చెప్పలేదని కోపం వచ్చింది. చెప్పడానికి అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, తర్వాత మాట్లాడతానని ఎన్నిసార్లు పెట్టేశానో కూడా గుర్తొచ్చింది.

అలా రాసుకుంటూ వచ్చి అక్క ఒక పుట దగ్గర ఆగింది. గుడ్ ఫ్రైడే ప్రసంగం. కింద ‘చిన్నదానికి’ అని రాసి, పక్కనే బాణం గుర్తు వేసి ఉంది. బాణం కాగితం చివరిదాకా పోయి ఆగిపోయింది.

“ఇది మా చెల్లికని అమ్మ రాసింది” అని అక్క చెబితే, ముసలాయన దానికి కూడా తెల్ల అంచు అతికించారు. మిగతా వాటికంటే జాగ్రత్తగా అతికించారు. పుస్తకాన్ని నావైపు తిప్పి, అక్క చేతిలోని పెన్ను తీసి నాకిచ్చారు.

“ఇది మీదంట గదమ్మా. రాసుకోండి.”

“ఆమెకు తెలీదు భాయ్, సదవలా” అంది అక్క.

“నా కాడికి తెచ్చేదాకా మీ దగ్గరే ఉండింది గదమ్మా?” అన్నారాయన. తప్పు పట్టడానికి కాదు, అర్థం కాక అడిగారు.

మైకులో ఎవరో నన్ను పిలుస్తున్నారు. లేవబోయాను. అక్క నా కొంగు పట్టుకుని, “కూర్సో” అంది. కూర్చున్నాను. అమ్మ మంచం పక్కన కూడా ఎన్నడూ అంతసేపు కూర్చోలేదు. పెన్ను కాగితం మీద పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. అక్కడ తిట్టు రాయాలో, ముద్దు రాయాలో నాకు తెలియదు. అమ్మ చెప్పాల్సింది చెప్పే పోయింది. నేనే వినలేదు.