వేలు ముడుచుకున్న ఆరు వారాలు

నాకు నోరెక్కువ. నన్ను ఎరిగినోళ్ళందరూ ఈ మాట అంటారు, నేనూ కాదనను. ఆ నోరు నాకు జూజువాడిలో లారీల వెనక నిలబడి వచ్చింది. మా నాయన లోడ్‌మ్యాన్. రాష్ట్రం ఎల్లలో ఉండే చెక్‌పోస్టు దగ్గర బారుగా నిలిచిన లారీలకు మూటలెక్కించేది, దించేది ఆయన పని. మోసేవాళ్ళకు లెక్క చూసే మనిషి ఒకరు కావాల. మోసేవాడు మోస్తా లెక్కబెట్టుకోలేడు, లారీ వాణ్ణి నమ్మలేము. పదో తరగతి అయినాక ఆ పని నాకు పడింది. లారీ తోక దగ్గర నిలబడి, పొయ్యే ప్రతి మూట మీదికీ చూపుడువేలు చాపి, ఇంజన్ల మోతలో కూడా అందరికీ వినబడేటట్ల అరిచేదాన్ని. లాభం, రెండు, మూడు, నాలుగు. మొదటి మూటను ఒకటి అనకూడదు, లాభం అనాల, అది ఆ పనిలో ఉండే మర్యాద. నా లెక్క తప్పని చెప్పి గెలిచిన డ్రైవరు ఒక్కడూ లేడు.

తొంభైల చివర్లో హోసూరుకు మిషనరీ శిక్షణకు పోయినప్పుడు ఆ నోరూ ఆ ధైర్యమూ రెండూ వెంట తీసుకొనే పోయినాను. మాది మా తాత కాలం నుంచి ప్రార్థనకు పొయ్యే ఇల్లు. దేశం దాటి పోయి సేవ చెయ్యాలని నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు. పదకొండు నెలల శిక్షణ ముగిస్తే కెన్యాకు పంపుతారు, పశువులు మేపుకొని బతికే జనం ఉండే తావుకు. మేము తొమ్మిదిమందిమి. పొద్దున క్యాసెట్ పెట్టుకొని స్వాహిలీ నేర్చుకునేది, మధ్యాహ్నం సూది వేసేది, గాయానికి కట్టు కట్టేది, సాయంత్రం వంట. తెలుగు, తమిళం, కన్నడం మూడూ నోట్లో నానినదాన్ని గదా, స్వాహిలీ అందరికన్నా ముందు నాకే పట్టుబడింది. గురువారం ఒక్కటే నాకు గండం. ఆ దినం పొద్దుమునిగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. అన్నం తినే వేళకే నేను దొరికిపోయేదాన్ని.

మాకు నేర్పించే ఆయన్ను అయ్య అనేవాళ్ళం. ఆఫ్రికాలో చానా ఏండ్లు పని చేసి తిరిగొచ్చిన మనిషి. మాట తక్కువ. ఎప్పుడు చూసినా కత్తెర పట్టుకొని పెరట్లో రోజా చెట్ల దగ్గర ఉండేవాడు. ఆయన పెట్టిన నియమం ఒకటి మమ్మల్ని అందరినీ భయపెట్టేది, నన్ను తప్ప. శిక్షణ ముగిసే ముందు ఆరు వారాలు మన మతం కాని వాళ్ళ ఇంట్లో పోయి ఉండాల. వాక్యం చెప్పకూడదు. వాళ్ళు చెప్పిన పని చెయ్యాల, వాళ్ళు పెట్టింది తినాల. కడాకు పంపించే కూటం జరిగే దినం ఆ ఇంటి నుంచి ఒకరు హోసూరుకు వచ్చి, ఈ మనిషిని మళ్ళీ మా ఇంట్లో పెట్టుకుంటాము అని నలుగురిలో చెప్పాల. రండి అని మేము అడగకూడదు. ఏమి చెప్పాలో చెప్పియ్యకూడదు. దినమూ వేళా రాసి అయ్య ఒక కార్డు వేస్తాడు, అంతే. ఎవరూ రాకపోతే ప్రయాణం లేదు, ఇంకో ఏడాది హోసూరులోనే. ముందటి ఏడు ఇద్దరు అట్లే నిలిచిపోయినారు.

నన్ను జవళగిరికి పంపినాడు. "గొర్రెలు మేపేవాళ్ళ ఇల్లు. నువ్వు పొయ్యే తావులో కూడా పశువులే బతుకు. ఈడ నేర్చుకుంటే ఆడ పనికొస్తుంది," అన్నాడు. అయ్యా, నేను పుట్టింది ఈ సీమలోనే, గొర్రెలను చూడలేదా అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ రోజా కొమ్మ కత్తిరించుకున్నాడు.

ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు. వాళ్ళు మాట్లాడేది తెలుగే, కాబట్టి మాటకు కరువు లేదు. కొడుకును అన్నా అని పిలిచినాను. గొర్రెల్ని వాళ్ళు గొర్రెలు అనరు, జీవాలు అంటారు. నాకు అవ్వ ఇచ్చిన పని దొడ్డి ఊడ్చేది, గంప కింద మూసిపెట్టిన గొర్రెపిల్లల్ని పాలకు విడిచేది. మూడు దినాల్లో నాకు వేపుడుకారం, రాగి సంగటి, ఉలవచారు అన్నీ అలవాటయినాయి. ఇంక నేను ఆడ పుట్టినదాన్నే అనుకున్నాను.

మూడో దినం సాయంత్రం మంద తిరిగొచ్చింది. దొడ్డికి ముండ్లకంప తడిక ఒకటి, ఒక్కొక్కటిగా దూరేంత సందు. అన్న తడిక పట్టుకొని నిలబడినాడు, లెక్క చూసేవాళ్ళు ఎవరూ లేరు. పాపం, వీళ్ళకు మనిషి లేక లెక్క చూసుకోలేకపోతున్నారు అనుకున్నాను. నేనున్నాను గదా. సందు పక్కన నిలబడి వేలు చాపినాను. లాభం, రెండు, మూడు. గొంతు ఊరంతా వినబడింది. అన్న నా పక్క ఒక చూపు చూసినాడు. చూస్తా ఉండాడు, మెచ్చుకుంటా ఉండాడు అనుకొని ఇంకా గట్టిగా అరిచినాను. కోడలు చేతిలో ఉండే చెంబు కింద పెట్టేసింది. నేను కడాదాకా లెక్కబెట్టి, "అరవై ఏడు, సరిగ్గా ఉండాయన్నా," అని చెప్పినాను.

అవ్వ లోపలికి పోయి ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకొని వచ్చి, మంద చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అప్పుడు అర్థమయింది నాకు, జీవాల్ని వేలు చూపించి లెక్కబెడితే దిష్టి అని. నాకు నవ్వొచ్చింది. పాత కాలం నమ్మకాలు, మెల్లగా మారతారులే అనుకున్నాను.

రెండు దినాలకు ఒక సూడిగొర్రె చచ్చిపోయింది. వానకు మొలిచిన లేత జొన్న మేసి కడుపుబ్బి, అన్న చూసేలోపల పడిపోయింది. ఆ మరుసటి దినం పొద్దున నేను చీపురు కోసం పోతే అది కోడలి చేతిలో ఉండాది. నేను గంప ఎత్తబోతే అన్న ముందే ఎత్తినాడు. "కూర్చోమ్మా," అన్నారు. నాకు పీట వేసినారు. సంగటి మీద నెయ్యి కూడా వేసినారు. మా జూజువాడిలో అయితే కోపమొస్తే తిడతారు, తిట్టినాక టీ తాగుతారు. ఈ మర్యాద నాకు తెలీదు. నాలుగు దినాలు నన్ను చుట్టానికి చేసి కూర్చోబెట్టినారు.

నాకు కోపమొచ్చింది. జొన్న మేసి చచ్చిన గొర్రెకు నా వేలు ఏమి చేసింది. కెన్యా పొయ్యేది పోతుందని భయం కూడా పట్టుకుంది, ఆ మాట దాచను. ఈ ఇంటి నుంచి ఎవరొస్తారు నా గురించి చెప్పేదానికి. అట్ల కూర్చున్న ఐదో దినం అవ్వ పిల్లలకు ఆకు వేస్తా ఉంటే పోయి ఎదురుగా నిలబడి అడిగేసినాను.

"అవ్వా, నా వేలు చంపిందా దాన్ని?"

"లేదు పాపా. లేత జొన్న తినింది. ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి నాకెందుకు పని ఇవ్వరు?"

అవ్వ ఆకు కట్ట కింద పెట్టింది. "నువ్వు అన్నిటినీ చూసి లెక్కబెట్టినావు గదా. చచ్చిపోయింది ఎట్ల ఉండేది చెప్పు."

నేను నోరు తెరిచినాను. నల్లదా తెల్లదా గుర్తు లేదు. చెవులు పొడుగా పొట్టియా తెలీదు. గురువారం మౌనం పాటించలేని దాన్ని, ఆ దినం సోమవారమే మౌనమయిపోయినాను.

"మా కోడలు ఈ ఇంట్లో అడుగు పెట్టిన ఏడు పుట్టింది అది," అన్నాది అవ్వ. "ఎడమ చెవి మీద మచ్చ. నీళ్ళు తాగేటప్పుడు ముందు కాలు తొట్టిలో పెట్టేది. నీకు అది ఎన్నోదో ఒక నంబరు. పోతే ఒకటి తక్కువ. మాకు అట్ల కాదు."

"అయితే అన్నీ వచ్చినాయని మీకు ఎట్ల తెలుస్తుంది?"

"చూస్తే తెలీదా? ఇంట్లో పిల్లలకు సంగటి పెట్టేటప్పుడు వేలు పెట్టి లెక్కబెట్టుకుంటారా ఎవరన్నా?"

నాకు సిగ్గయింది. దిష్టి మాట నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ వందలమందికి సువార్త చెప్పాల, ఇన్ని ఇండ్లు తిరగాల అని నేను నోట్‌బుక్కులో గీసుకున్న గీతలు గుర్తొచ్చినాయి. మూటలు. నేను మనుషుల్ని కూడా మూటలు చేసి పెట్టుకున్నాను. తప్పయింది అవ్వా, నాకు నేర్పించు అన్నాను. ఆమె కోడల్ని కేకేసి, చీపురు నాకియ్యమని చెప్పింది.

ఆ దినం నుంచి సాయంత్రం తడిక దగ్గర కూర్చునేదాన్ని. వేలు దానంతట అదే లేస్తుంది, పాత అలవాటు. కుడిచెయ్యి కొంగులో చుట్టి పెట్టుకొని కూర్చున్నాను. అన్న చూసి నవ్వినాడు, నవ్వనీ అనుకున్నాను. చెవి చీలినది, మూతినల్లది, ఎప్పుడూ పక్కదాని ఆకు లాక్కునే దొంగది, తల్లిని విడవని దొడ్డ పిల్ల, ఒంటికన్నుది. మొదట్లో నాలుగు తెలిసినాయి, తరువాత పది. మూడో వారానికి కాళ్ళ చప్పుడు విని కూడా కొన్నిటిని చెప్పగలిగినాను. నేను పట్టుకుంటే విడిచేదాన్ని కాదు.

ఐదో వారంలో ఒక సాయంత్రం మంద అంతా లోపలికి పోయింది, అన్న తడిక మూసినాడు. నాకు ఏదో కొరతగా తోచింది. సంఖ్య కాదు, ఒక మొగం లేదు. "అన్నా, మూతినల్లది రాలేదు," అన్నాను. ఆయన దొడ్డిలోకి ఒకసారి చూసి, తల గోక్కొని, కట్టె చేత పట్టుకున్నాడు. వెలుతురు ఉండంగానే ఇద్దరమూ అడివి అంచుకు పోయినాము. ఏనుగులు రాకుండా తవ్విన కందకంలో పడి, ముందు కాలు బెణికి, మెదలకుండా నిలబడి ఉండాది. నన్ను చూసి ఒక్కసారి అరిచింది. అన్న కిందికి దిగి పైకెత్తి ఇచ్చినాడు. ఆయన ఎక్కి వచ్చేలోపల నేను కొంగు మెడ మీద మడిచి వేసుకొని, వీపు వంచి, మా నాయన మూట ఎత్తినట్ల దాన్ని ఎత్తుకొని నడిచేసినాను. ఆ విద్య నాకు రక్తంలోదే. అవ్వ తడిక దగ్గర నిలబడి ఉండాది. దాని మూతి తుడిచింది, తరువాత అదే కొంగుతో నా మొగమూ తుడిచింది.

ఆరు వారాలయినాక బయలుదేరినప్పుడు అవ్వ లోటాలో పాలిచ్చి, పోయిరా పాపా అన్నాది. ఆ మాట అందరికీ అనేదే. కూటానికి వస్తావా అవ్వా అని నాలిక మీదికి వచ్చింది, మింగేసినాను. ఆమెకు బస్సు పడదు, కదిలితే వాంతి. హోసూరు చూసి ఎన్ని ఏండ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

పంపించే దినం రేకుల హాలు నిండిపోయింది. కృష్ణగిరి నుంచి కమిటీ పెద్దాయన కాగితం పట్టుకొని వచ్చినాడు. మా తొమ్మిదిమందినీ ముందర వరసగా నిలబెట్టినారు. ఎనిమిది ఇండ్ల వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి చెప్పినారు. ఒకరు రాయకోట నుంచి టమాటా గంపతో వచ్చినారు. నా పేరు పిలిచినారు, ఎవరూ లేవలేదు. పెద్దాయన రెండోసారి పిలిచినాడు. నేను వాకిలి పక్క చూసినాను, మా నాయన తప్ప ఎవరూ నిలబడి లేరు. ఏమి, ఇంకో ఏడాదే గదా అని ధైర్యం చెప్పుకున్నాను. ధైర్యం రాలేదు, ఏడుపొచ్చింది.

"సరే, ఈ ఏడు పొయ్యేవాళ్ళు ఎంతమందో చూద్దాము," అని పెద్దాయన వేలు చాపి మొదలుపెట్టినాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేను ఐదో దాన్ని. ఆయన వేలు నా మొగం ముందర నిలిచింది, నన్ను దాటించాలా వద్దా అని.

అప్పుడు వాకిట్లో ఎవరో తోసుకొని వచ్చినారు. జవళగిరి నుంచి తళి మీదుగా వచ్చే బస్సు లేటయి ఉండాది. అవ్వ, వెనకాల అన్న. బస్సు వాంతులకు అవ్వ మొగం పీక్కొని పోయి ఉండాది. కార్డులో ఉండే దినానికి వచ్చిందే గాని, ఆమెకు కమిటీ తెలీదు, కూటం తెలీదు. మనుషుల్ని వరసగా నిలబెట్టి ఒకాయన వేలు చూపించి లెక్కబెడతా ఉండేది మాత్రమే ఆమె చూసింది. నేరుగా నడిచొచ్చి, ఆయన వేలు పిడికిట్లో పట్టుకొని కిందికి వంచింది.

"దీన్ని లెక్కబెట్టొద్దప్పా. ఇది మా ఇంటిది," అన్నాది.

అయ్య లేచి, పెద్దాయన చేతిలో ఉండే కాగితం తీసుకొని, నా పేరు పక్కన సరేనని ఒక గీత గీసినాడు. ఇంక సాక్ష్యం అడిగే పని లేదు అన్నాడు. అవ్వ మాత్రం పెద్దాయన వేలు ఇంకా విడవలేదు.