జడ్జి గారితో బేరం

మొన్న వన్ టౌన్‌లో ఒక చీర నచ్చనట్టు మొహం పెట్టి మెట్లు దిగుతుంటే, కొట్టాయన వెనక్కి పిలిచి ధర తగ్గించాడు. ఈ విద్య నాకు చిన్నప్పుడు నాన్న బట్టలకొట్లో, బేరమాడేవాళ్లని చూపించి నాయనమ్మ నేర్పింది. "కావలసింది ముందే సెప్పకే. అక్కర్లేనట్టు ఉండు, ఆళ్లే దిగొత్తారు," అనేది.

అమ్మా నాన్నా విడిపోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అమ్మ తగరపువలసలో పుట్టింట్లో ఉండేది. నేనెవరి దగ్గర పెరగాలో తేల్చడానికి కోర్టులో జడ్జి గారు, ఒక పెద్దావిడ, అందర్నీ బయటికి పంపి, నా చేతిలో బిస్కెట్ పెట్టి అడిగారు.

"ఎవరి దగ్గర ఉంటావమ్మా? నీ మాట వినాలని పిలిచాను."

నాకు అమ్మ కావాలి. అందుకే, "అమ్మ అక్కర్లేదండి. నాను నాన్న కాడే ఉంటాను," అన్నాను.

"బాగా ఆలోచించుకున్నావా?"

బేరం దారిలో పడిందనుకున్నాను. "ఎప్పుడో ఆలోసించీసినానండి," అని లేచి తలుపు దాకా మెల్లగా నడిచాను. ఆవిడ పిలవలేదు. రాసుకుంటున్నారు.

అమ్మకు ఆదివారాలు దక్కాయి.

"ఏటే, నాను అక్కర్లేదన్నావట?" మొదటి ఆదివారం నాకు జడ వేస్తూ అడిగింది అమ్మ. అది బేరమని చెప్పడానికి సిగ్గేసి, రిబ్బన్ బిగుతుగా ఉందన్నాను.

జడ్జి గారి మీద నాకు కోపం లేదు. అప్పటిదాకా నా మాటను ఉన్నదున్నట్టు నమ్మిన పెద్దమనిషి ఆవిడొక్కరే.