బొమ్మకు కట్టిన వెండి చీర

నా చిన్నప్పుడు ఏ వస్తువు కంటపడినా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. మట్టెవాడలో మా ఇల్లు. మా తాతయ్య గుంట మగ్గం నేసేవాడు. కడుపు నిండితే మగ్గం మీద వంగలేనని పొద్దున ఉత్త చాయ్ తాగి గుంటలోకి దిగేవాడు. నడుము లాగితే ఆ చాయ్‌తోనే నొప్పి గోలీ మింగేవాడు. కిరాణా కొట్టు నుంచి గోలీలు తెచ్చేది నేను. ఖాళీ అయిన వెండిరంగు కాగితాలు నావి. అదీ మా ఒప్పందం.

ఒక ఎండాకాలం ఆయనకు కడుపులో మంట మొదలైంది. అందరూ మిరపకాయ మీద పడ్డారు. నానమ్మ తొక్కు జాడీని అటకెక్కించింది. మంట తగ్గలేదు సరికదా, చప్పిడి కూడు సయించక తాతయ్య ఇంకా తక్కువ తినసాగాడు. కారం మానేసిన మనిషికి ఇంకా మంటెందుకని ఎవరినడిగినా "నీకెందుకే" అన్నారు.

దవాఖానలో నర్సుగా చేసే పక్కింటి అక్క ఒక సాయంత్రం చూడటానికి వచ్చింది. గోలీలు ఎన్ని మింగుతున్నావని అడిగితే "ఎప్పుడన్న ఒకటి బిడ్డా" అన్నాడు తాతయ్య. అక్క చూపు నా ఒళ్లోని గుడ్డబొమ్మ మీద పడింది. దానికి మెడ నుంచి పాదాల దాకా వెండి కాగితాల చీర.

"ఈ చీర ఎన్నొద్దులు నేసినవే?" అని నన్నడిగింది.

"పది రోజులు" అన్నాను గొప్పగా.

అక్క బొమ్మను తాతయ్య చేతిలో పెట్టింది. గుడ్డ చూసి పోగుల లెక్క చెప్పగల మనిషి, చీరలో కాగితాలెన్నో చూసి తల దించుకున్నాడు. రెండు రోజులుగా దొడ్డికి నల్లగా పోతోందని మెల్లగా చెప్పాడు. అక్క మొహం మారిపోయింది.

"గంజి వెట్టని నూలు మగ్గమెక్కితె తెగదా తాతా? ఉత్త కడుపుల ఇన్ని గోలీలేస్తె లోపట పుండైతది. నల్లగ పోయేది నెత్తురే. జర లే, దవాఖానకు పోదాం."

రిక్షాలో నేను ఒకటే ఏడుపు. కాగితం ఆశకు ఇంకోటి వేసుకోమని తాతయ్యను బతిమాలింది నేనే. ఆ మాట అక్కకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "నువ్వవి దాసిపెట్టకుంటె మాకెట్ల ఎరుకైతుండె?" అని నా కళ్లు తుడిచింది.

తాతయ్య బతికి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత డాక్టరు చెప్పనిదే గోలీ ముట్టలేదు, సద్ది తినకుండా గుంటలోకి దిగలేదు. బొమ్మ చీర నేనే విప్పి పారేశాను.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా నొప్పి గోలీ అడిగితే, ఏం తిన్నావు, నిన్న ఎన్ని వేసుకున్నావు అని అడుగుతాను. "ఎప్పుడన్న ఒకటి" అంటే మాత్రం నమ్మను. వెళ్లి చెత్తబుట్టలో కాగితాలు చూస్తాను.