గొడుగక్క లింకు

ఎండలోనూ, నీడలోనూ గొడుగు వేసుకునే తిరుగుతుందని శాటిలైట్ స్టేషన్లో ఆవిణ్ణి అందరూ గొడుగక్క అంటారు. కొండమీది ఆసుపత్రికి శాటిలైట్ లింకు పెట్టింది ఆవిడే. జడివానలోనూ తెగకూడదని, పంపిన డేటానే మళ్లీ మళ్లీ పంపేలా కట్టుదిట్టం చేసింది. దాంతో ఎండ కాసినా లింకుది నత్తనడకే.

ఒక ఉదయం ఆ ఆసుపత్రిలో నర్సుగా చేసే చెల్లెలు ఫోన్ చేసింది. "తలకి దెబ్బ తగిలిందక్కా ఒకాయనకి. స్కాన్ చూస్తే గానీ పట్నం డాక్టరుగారు ఏమీ చెప్పలేరట. నీ లింకేమో పాకుతోంది. ఇక్కడ ఎండ మండిపోతోంది, లింకుకి పట్టిన ఆ గొడుగు కాస్త ముడువక్కా!"

వాతావరణాన్ని బట్టి వేగం మార్చుకునే ఏర్పాటు పరికరంలో ఎప్పటినుంచో ఉంది. మారేటప్పుడు లింకు తెగుతుందేమోనని తనే దాని జోలికి పోలేదు. ఇప్పుడు ఆన్ చేసింది. స్కాన్ పరుగందుకుంది. సగం వచ్చేసరికి, "అయ్యో, మబ్బు పట్టిందక్కా!" అంది చెల్లెలు. వేగం తగ్గింది గానీ లింకు తెగలేదు.

కాసేపటికి మళ్లీ ఫోన్. "డాక్టరుగారు చూశారు, మందు కూడా చెప్పేశారు. గట్టెక్కుతాడట!"

"చూశారా అక్కా, గొడుగు ముడిచినా తడవలేదు," అన్నాడు పక్క సీటాయన.

"లింకు సంగతి వేరు, నా సంగతి వేరు," అంటూ ఆవిడ గొడుగు విప్పుకుని టీకి బయల్దేరింది.